పొద్దు గూకేటప్పుడు డిష్ గురి తప్పుతోందా? ముందు వక్రీభవన సవరణ గుర్తు చూడు

తమ్మీ, నువ్వు పెట్టిన అంకెలన్నీ కాగితం మీద వేసి చూసుకున్నాకే ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళకు అర్థం కావడానికి సంగతి క్లుప్తంగా చెబుతాను. హనుమకొండలో కాలేజీ బిల్డింగు పైన 1.8 మీటర్ల డిష్ పెట్టారు. దానికి డీటీహెచ్ వాళ్ళు వాడే, సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ బిగించి, 12 గిగాహెర్ట్జ్ దగ్గర సూర్యుణ్ణి స్కాన్ చేస్తున్నారు. ఆగస్టు సాయంత్రాల్లో లెక్క ప్రకారం డిష్ తిప్పితే సిగ్నల్ శిఖరం ప్రతిసారీ లెక్కకన్నా పైనే దొరుకుతోంది. సూర్యుడు 60 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు తేడా 1 ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు), 30 డిగ్రీల దగ్గర 4, 15 దగ్గర 8, 8 డిగ్రీలకు దిగేసరికి 15. "వక్రీభవన సవరణ పెట్టాను అన్నా, అయినా తప్పుతోంది. డిష్ బరువుకు వంగుతోందా, గేర్లు లూజయ్యాయా?" అని అడిగావు.

డిష్ జోలికి పోకు. ఒక్క బోల్టు కూడా విప్పకు. తప్పు నీ కోడ్‌లో ఉంది, అదీ ఒకటి కాదు, రెండున్నాయి. గాలి కిరణాన్ని వంచుతుంది కాబట్టి చేసే సవరణను కలపాల్సిన చోట తీసేస్తున్నావు. పైగా రేడియోకు వాడాల్సిన సూత్రం బదులు వెలుతురుకు వాడే సూత్రం పెట్టావు. ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, నీ నాలుగు అంకెలే ఆ మాట చెబుతున్నాయి. ఎలాగో చూపిస్తాను.

మొదట గుర్తు సంగతి. పైనుంచి వచ్చే కిరణం పలుచని గాలిలోంచి చిక్కని గాలిలోకి దిగుతూ నేలవైపు వంగుతుంది. మన దగ్గరికి చేరేసరికి అది ఉన్నదానికన్నా నిటారుగా, అంటే ఇంకాస్త పైనుంచి వస్తున్నట్టు వస్తుంది. గాలి లేదనుకుని లెక్కకట్టిన సూర్యుడి ఎత్తు 8 డిగ్రీలైతే, కిరణం నిజంగా వచ్చే దిక్కు 8 డిగ్రీల 9 నిమిషాలు. డిష్ కిరణం వచ్చే దిక్కుకే చూడాలి. కాబట్టి లెక్కలో వచ్చిన ఎత్తుకు సవరణ కలపాలి. "సూర్యుడు పైకి కనిపిస్తున్నాడు కదా, ఆ పైకి లేచినదాన్ని తీసేయాలి" అనుకోవడం చాలామందికి అలవాటు. అది కంటితో కొలిచిన ఎత్తునుంచి అసలు ఎత్తు రాబట్టేవాళ్ళు చేసే పని. నీ పని దానికి తలకిందులు.

ఇప్పుడు అంకెలు. ఆగస్టు సాయంత్రం మన దగ్గర గాలి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 24.8, వాయుపీడనం 975 హెక్టోపాస్కల్ అనుకుందాం. ఆ గాలిలో రేడియో తరంగానికి వచ్చే వక్రీభవనం 60 డిగ్రీల ఎత్తులో 0.8 ఆర్క్ నిమిషం, 30 దగ్గర 2.3, 15 దగ్గర 4.9, 8 దగ్గర 8.9. అదే గాలిలో కంటికి కనిపించే వెలుతురుకైతే వరుసగా 0.5, 1.6, 3.3, 6.0. రెండు వరుసలూ కలిపి చూడు: 1.3, 3.9, 8.2, 14.9. నువ్వు రాసింది 1, 4, 8, 15. అంటే రేడియోకు కలపాల్సినది కలపలేదు, దాని మీద వెలుతురు లెక్కనుంచి వచ్చిన సవరణను తీసేశావు. రెండూ కలిసి నీ తేడా అయ్యాయి. రేడియో సూత్రమే వాడి గుర్తు ఒక్కటే తప్పేసి ఉంటే 8 డిగ్రీల దగ్గర తేడా 18 దాకా రావాలి. 15 దగ్గరే ఆగిందంటే రెండో తప్పు కూడా ఉన్నట్టే.

నీ అనుమానాలను కూడా ఇలాగే అంకెలతో తూచాలి. డిష్ బరువుకు వంగితే ఆ తేడా ఎత్తు కోణపు కొసైన్‌ను బట్టి మారుతుంది. 30 డిగ్రీలనుంచి 8 డిగ్రీలకు దిగితే కొసైన్ 0.87 నుంచి 0.99 అవుతుంది, అంతే. నీ తేడా అదే దూరంలో నాలుగింతలైంది. వంపుకు అంత పరుగు ఉండదు. గడియారం తప్పు అనుకుందామా? సాయంత్రం పూట సూర్యుడు నిమిషానికి దాదాపు 14 ఆర్క్ నిమిషాలు దిగుతాడు. కాబట్టి ఒక్క నిమిషం తేడా ఉన్నా ఘోరంగా తప్పుతుంది. కానీ ఆ తప్పు 60 డిగ్రీల దగ్గర కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, పైగా పొద్దున పూట గుర్తు తిరగబడుతుంది. వక్రీభవనం పొద్దునైనా సాయంత్రమైనా ఒకే వైపు లాగుతుంది. ఒకరోజు పొద్దున్నే లేచి, సూర్యుడు ములుగు రోడ్డు వైపు లేస్తున్నప్పుడు ఒక స్కాన్ చేస్తే ఈ అనుమానం పూర్తిగా తీరిపోతుంది.

ఇదే తరహా ఇబ్బంది పడేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. సవరణ అసలు పెట్టకపోతే సూర్యుడు లెక్కకన్నా ఒక వక్రీభవనమంత పైన దొరుకుతాడు. తలకిందులుగా పెడితే రెండింతలు పైన. సాఫ్ట్‌వేర్ ఒకసారి కలిపినదానికి మళ్ళీ మీరు కలిపితే ఒక వక్రీభవనమంత కింద దొరుకుతాడు. ఈ మూడోది చాలా మామూలుగా జరిగే పొరపాటు. ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో వాతావరణం ఆన్‌లో ఉంటే అది చూపించే ఎత్తులో వక్రీభవనం కలిసే ఉంటుంది, ఆపేస్తే ఉండదు. పైథాన్‌లో ఖగోళ లెక్కలకు వాడే ఆస్ట్రోపైలో పీడనం ఏమీ ఇవ్వకపోతే సున్నా అనుకుని సవరణే చేయదు. పీడనం ఇచ్చి తరంగదైర్ఘ్యం ఇవ్వకపోతే ఒక మైక్రాన్ వెలుతురు అనుకుని చేస్తుంది. రేడియో అని దానికి తెలియాలంటే తరంగదైర్ఘ్యం నువ్వే చెప్పాలి. 100 మైక్రాన్లు దాటితే అది రేడియో సూత్రానికి మారుతుంది. నీకైతే 2.5 సెంటీమీటర్లు అని ఇవ్వాలి. అయితే 5 డిగ్రీల కిందికి దిగితే ఆ లెక్కను నమ్మొద్దు.

వెలుతురుకూ రేడియోకూ ఇంత తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే మళ్ళీ ఈ తప్పు జరగదు, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. నీటి అణువుకు ఒక కొన ధనావేశం, ఇంకో కొన ఋణావేశం వైపు మొగ్గి ఉంటాయి. విద్యుత్ క్షేత్రం పడితే అది ఆ వైపు తిరగాలని చూస్తుంది. బతుకమ్మ ఆడేటప్పుడు పాట నిదానంగా సాగితే వలయంలో ఉన్న వాళ్ళంతా ఒకేసారి వంగి చప్పట్లు కొడతారు. అదే పాటను వెయ్యింతల వేగంతో పాడితే ఎవరూ వంగలేరు, ఉన్నచోటే నిలబడిపోతారు. 12 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 1,200 కోట్ల ఊపులు, నీటి అణువు ఆ తాళానికి తిరగగలదు. వెలుతురు ఊపులు అంతకన్నా దాదాపు 50 వేల రెట్లు వేగం, అణువు తిరిగేలోపే క్షేత్రం దిక్కు మారిపోతుంది. అందుకే గాలిలో తేమ వెలుతురును పెద్దగా పట్టించుకోదు, రేడియో తరంగాన్ని మాత్రం గట్టిగా పట్టి వంచుతుంది.

దీన్ని లెక్కలో ఇలా రాస్తారు. వక్రీభవన గుణకంలో ఒకటికి పైన ఉన్న భాగాన్ని పది లక్షలతో గుణిస్తే వచ్చేదాన్ని ఎన్ అంటారు.

ఎన్ = 77.6 × పీ ÷ టీ + 3,73,000 × ఈ ÷ టీ²

పీ అంటే నువ్వున్న చోటి మొత్తం వాయుపీడనం, ఈ అంటే అందులో నీటి ఆవిరి వాటా, రెండూ హెక్టోపాస్కల్‌లలో. టీ కెల్విన్‌లలో. 1953లో స్మిత్, వైన్‌ట్రాబ్ ఇచ్చిన గుణకాలు దాదాపు ఇవే, ఇప్పటికీ మన పనికి సరిపోతాయి. మామూలు ఎండలో రెండో భాగం వల్ల ఒక్క హెక్టోపాస్కల్ నీటి ఆవిరి సుమారు 16 హెక్టోపాస్కల్‌ల పొడిగాలి చేసేంత పని చేస్తుంది. వాతావరణంలో తేమ చిటికెడే, వంచే బలంలో మాత్రం దాని వాటా పెద్దది.

మన వరంగల్ గాలినే మూడు కాలాల్లో చూడు. మే నెల మధ్యాహ్నం, 43 డిగ్రీలు, డ్యూ పాయింట్ 15, పీడనం 973. పొడి భాగం 239, తేమ భాగం 63, ఎన్ 302 దగ్గర. డిసెంబరు తెల్లవారుజామున 13 డిగ్రీలు, డ్యూ పాయింట్ 10 కాస్త లోపు, పీడనం 985. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పొడి భాగం 267, తేమ 55, మొత్తం 322. ఇక ఆగస్టు సాయంత్రం, చెరువులు నిండి, పొలాల్లో నాట్లు పడి, ఒంటికి చొక్కా అతుక్కుపోయే ఉక్కపోతలో పొడి భాగం 251, తేమ 128, కలిపితే 380. చూశావా, పొడి భాగం మూడు కాలాల్లోనూ పెద్దగా కదల్లేదు. ఆటంతా తేమదే. వెలుతురు సూత్రంలో మేకూ ఆగస్టుకూ మధ్య తేడా నాలుగైదు శాతమే, అదీ ఉష్ణోగ్రత వల్ల. రేడియోలో 25 శాతం దాటింది.

ఎన్ తెలిస్తే 45 డిగ్రీల ఎత్తులో సవరణ ఎంతో నోటిలెక్కతో చెప్పొచ్చు. ఎన్‌ను 0.206తో గుణిస్తే ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతులు) వస్తాయి. మేలో 62, ఆగస్టులో 78. మిగతా ఎత్తులకు దాన్ని కోణపు కొటాంజెంట్‌తో గుణించాలి. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. పైన గాలి ఎన్ని పొరలుగా ఉంది, ఏ పొర ఎంత మందం అన్నది తెలియనవసరం లేదు. పొరలన్నీ సమతలంగా ఉన్నంతకాలం స్నెల్ నియమంలో మధ్య పొరలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చివరికి నేల దగ్గరి గాలి ఒక్కటే లెక్కలో మిగులుతుంది. అందుకే డాబా మీద పెట్టిన చిన్న సెన్సర్‌తో మొత్తం ఆకాశపు వంపు చెప్పగలుగుతున్నాం. సుమారు 20 డిగ్రీల పైన ఈ మాట బాగా నిలుస్తుంది. దాని కిందికి వస్తే భూమి గుండ్రదనం లెక్కలోకి వస్తుంది, కొటాంజెంట్ ఒక్కటే వాడితే ఎక్కువ చూపిస్తుంది. అక్కడికి ఈ సూత్రం పెట్టుకో:

సవరణ = 1.02 × కొటాంజెంట్ (ఎత్తు + 10.3 ÷ (ఎత్తు + 5.11)) × ఎన్ ÷ 282

ఎత్తు అంటే గాలి లేకుండా లెక్కకట్టినది, డిగ్రీలలో. జవాబు ఆర్క్ నిమిషాల్లో వస్తుంది, దాన్ని ఎత్తుకు కలుపు. అసలు ఈ సూత్రం వెలుతురు కోసం కట్టినదే. చివర ఎన్ ÷ 282 అనే ముక్క దాన్ని రేడియోకు తెస్తుంది, ఎందుకంటే ఆ సూత్రం అనుకున్న 10 డిగ్రీల, 1010 హెక్టోపాస్కల్ గాలిలో వెలుతురుకు ఎన్ 282. నువ్వు వాడిన పీడనం, ఉష్ణోగ్రతల గుణకాన్ని తీసేయి, అవి ఎన్‌లోనే ఉన్నాయి. కోడ్‌లో కోణాన్ని రేడియన్లలోకి మార్చడం మరిచిపోకు. నీ బీమ్‌కు (డిష్ ఒకేసారి చూసే ఆకాశపు ముక్కకు) ఈ సూత్రం కావలసినదానికన్నా నిఖార్సైనదే.

ఎందుకంటే నీ బీమ్ వెడల్పు దాదాపు 58 ఆర్క్ నిమిషాలు. గురి బీమ్‌లో పదోవంతు తప్పితే సిగ్నల్ 3 శాతం కూడా పోదు. ఇప్పుడు 15 నిమిషాలు తప్పుతోంది కాబట్టి సూర్యుడి సిగ్నల్‌లో దాదాపు ఏడో వంతు జారిపోతోంది. అది సరిచేయాల్సిందే. కానీ ఒకసారి గుర్తు, సూత్రం సరిచేశాక, ఏడాది పొడుగునా ఎన్ 340 అని పెట్టుకున్నా 8 డిగ్రీల దగ్గర నీకు తేడా ఒక ఆర్క్ నిమిషం దాటదు. సెన్సర్ కొనడానికి డబ్బు లేదని వెనకాడకు, ఈ డిష్‌కు అది లేకపోయినా పని నడుస్తుంది. హైడ్రోజన్ వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో గీత కోసం 3 మీటర్ల డిష్ పెట్టుకున్న వాళ్ళకైతే బీమ్ 5 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. వాళ్ళు ఈ మొత్తం సవరణను వదిలేయొచ్చు. మహారాష్ట్రలో నారాయణగావ్ దగ్గరి రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ 45 మీటర్ల డిష్‌లకు అదే పౌనఃపున్యంలో బీమ్ 24 నిమిషాలు, అక్కడ పట్టించుకోవాలి. స్పెయిన్‌లో పికో వెలెటా కొండ మీది 30 మీటర్ల డిష్‌కు 230 గిగాహెర్ట్జ్ దగ్గర బీమ్ 11 ఆర్క్ సెకన్లే. వాళ్ళకు ఇది చావుబతుకుల లెక్క, తేమ ముద్ద ఒకటి బీమ్‌కు అడ్డంగా కదిలితే చాలు, కొన్ని సెకన్లపాటు మూలం (చూస్తున్న ఆకాశ వస్తువు) పక్కకు జరిగిపోతుంది.

అయినా సెన్సర్ గురించి నాలుగు మాటలు చెబుతాను, రేపు పెద్ద డిష్ మీద పనిచేస్తావు కాబట్టి. బీఎంఈ 280 లాంటిది చాలు, పీడనం, ఉష్ణోగ్రత, తేమ మూడూ ఇస్తుంది. దాన్ని స్లాబు మీద పెట్టొద్దు. మన ఎండలకు స్లాబు పెనంలా కాలుతుంది. గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నీడలో, మనిషి ఎత్తున కట్టాలి. కూలర్ గాలి తగిలే కిటికీ పక్కన అసలే వద్దు. ఉష్ణోగ్రత ఒక చోటినుంచి, తేమ శాతం ఇంకో చోటినుంచి తీసుకుని కలపడం అన్నిటికన్నా ప్రమాదం. వేడెక్కిన సెన్సర్ 48 డిగ్రీలు అని, వాతావరణ యాప్ 20 శాతం తేమ అని చెబితే, ఆ రెండూ కలిపి లేని ఆవిరిని నువ్వే పుట్టించినట్టవుతుంది, ఎన్ 12కు పైగా పెరిగిపోతుంది. డ్యూ పాయింట్ వాడితే ఈ గొడవ ఉండదు, ఆవిరి పీడనం దాన్నుంచి నేరుగా వస్తుంది: 6.112 ను, 17.62 × డ్యూ పాయింట్ ÷ (243.12 + డ్యూ పాయింట్) అనే ఘాతం వేసిన ‘ఇ’ (2.718)తో గుణించు. పీడనం కూడా నీ డాబా మీదిదే కావాలి. ఫోన్ యాప్ చూపించేది సముద్రమట్టానికి మార్చిన అంకె. మనం సముద్రమట్టానికి 260 మీటర్లకు పైన ఉన్నాం, తేడా 30 హెక్టోపాస్కల్ దాకా వస్తుంది.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట. వక్రీభవనాన్ని ముందు తీసేసి, మిగిలిన తేడాలకే డిష్ మోడల్ (డిష్ సొంత గురి తప్పుల లెక్క) కట్టు. ఈ వరుస తప్పితే ఏమవుతుందో నేను అనుభవించాను. చాలా ఏళ్ళ కింద ఒక చోట 12 మీటర్ల డిష్ మీద 22 గిగాహెర్ట్జ్‌లో పనిచేసేవాళ్ళం, బీమ్ 5 నిమిషాల లోపు. చలికాలంలో రాత్రుళ్ళు కూర్చుని నలభై దాకా మూలాలు కొలిచి మోడల్ కట్టాం. సవరణలో ఎన్ స్థిరంగా పెట్టి, మిగిలిన కాస్త తేడాను వంపు పదం మింగేసేలా వదిలేశాం. అంకెలు ఎంతో ముచ్చటగా కుదిరాయి. వానకాలం వచ్చాక 15 డిగ్రీల దగ్గరి మూలాల సిగ్నల్ ఏడెనిమిది శాతం తగ్గడం మొదలైంది. 22 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి తరంగాన్ని మింగుతుంది కదా, తేమ పెరిగింది, మింగేసింది అనుకుని దాన్ని సరిచేస్తూ వారం పోగొట్టుకున్నాం. చివరికి ఒక రాత్రి మొగులు విడిచాక, ఒక మూలం మీద అడ్డంగా, నిలువుగా స్కాన్ చేసి చూస్తే శిఖరం ముప్పావు ఆర్క్ నిమిషం పైన కూర్చుని ఉంది. డిష్ వంపు కాలాన్ని బట్టి మారదు, గాలి మారుతుంది. రెండింటినీ ఒకే పదంలో కలిపేశాం కాబట్టి చలికాలపు గాలి మా డిష్ ఇనుములో అచ్చైపోయింది. ఆ కొలతలన్నీ మళ్ళీ తీశాం.

నీ దగ్గర ఈ రెండింటినీ విడదీయడానికి మన ఊరే ఒక సాయం చేస్తుంది. మనం ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. మే రెండో వారంలో, మళ్ళీ జూలై చివరా ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ళకిందే పడుతుంది. మేలో అది 12 గంటల 8 నిమిషాల ప్రాంతం, ఆగస్టులో 12:18 ప్రాంతం. నడినెత్తిన వక్రీభవనం సున్నా, వంపు ప్రభావం కూడా సున్నాకు దగ్గర. అక్కడ మిగిలే తేడా ఎన్‌కోడర్ (కోణం కొలిచే పరికరం) సున్నా తప్పు, స్తంభం వాలడం లాంటివే. సరిగ్గా 90 డిగ్రీలకు పోనక్కర్లేదు, అక్కడ అజిముత్ (దిక్కు కోణం) గిర్రున తిరిగిపోతుంది. 80 దాకా పోయి ఎత్తు స్కాన్ మాత్రం చెయ్యి చాలు. డీటీహెచ్ ఉపగ్రహం మీద ఈ పరీక్ష పెట్టాలని చూడొద్దు. అది తన చోటులో 0.1 డిగ్రీ, అంటే 6 నిమిషాల దాకా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది.

అయానోస్పియర్ (పైన విద్యుదావేశం ఉన్న గాలి పొర) గురించి కూడా అడిగావు. దాని ప్రభావం పౌనఃపున్యపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర మన అక్షాంశాల్లో అది పెద్ద తలనొప్పి, 12 గిగాహెర్ట్జ్‌లో లెక్కలోకి రాదు. వదిలేయి.

8 డిగ్రీల స్కాన్లలో ఒక్కటి చూసుకో. కాజీపేట వైపు గుట్టలూ బిల్డింగులూ బీమ్ కింది అంచుకు తగులుతాయి. వేడి నేల కూడా రేడియోలో వెలుగుతుంది కాబట్టి స్కాన్ అడుగు గీత నేలవైపు పైకి లేచి, శిఖరాన్ని కిందికి లాగుతుంది. సూర్యుడు గూకిన తర్వాత అదే దిక్కులో, అదే ఎత్తుల మీదుగా ఇంకోసారి స్కాన్ చేసి, దాన్ని మొదటి స్కాన్‌లోంచి తీసేయి. ఆ తర్వాతే శిఖరానికి గీత అతికించు.

ఇప్పుడు ముందుగా గుర్తు ఒక్కటే మార్చి ఈ వారంలో ఒక సాయంత్రం కొలువు. నా లెక్క సరైతే 8 డిగ్రీల దగ్గర తేడా 15 నుంచి 3 నిమిషాలకు పడాలి, సూర్యుడు ఇంకా పైవైపే ఉండాలి. తర్వాత ఎన్ 380తో సూత్రం మార్చి మరుసటి సాయంత్రం కొలువు, ఒక నిమిషం లోపుకు రావాలి. ఒకేసారి రెండూ మార్చొద్దు, ఏది ఎంత పనిచేసిందో తెలియకుండా పోతుంది. రెండు సాయంత్రాల అంకెలూ, ఒక పొద్దుటి స్కానూ, ఆ వేళల డ్యూ పాయింటుతో సహా ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.